బావగారి ఎదుట కుర్చీ

మాణిక్యమ్మ పంచాయతీ మెంబరైన సంగతి ఆమెకు తెలిసేటప్పటికి, ఊళ్ళో అందరికీ తెలిసి రెండు రోజులైంది. చెప్పింది కూడా ఇంట్లోవాళ్ళు కాదు. పెరట్లో చేపల గంప దించుతూ దానమ్మ చెప్పింది.

"ఏంటక్కా, మెంబరువయ్యావంట! మిఠాయి లేదా మాకు?"

"ఏం మెంబరు? ఎవరన్నారే?"

"రేవు కాడ మగాళ్ళందరూ అదే అనుకుంటన్నారు. నీకే తెలవదా? బాగానే ఉంది మీ ఇల్లు."

అప్పుడు గుర్తొచ్చింది మాణిక్యమ్మకు. వారం కిందట ఆమె పప్పు రుబ్బుతుంటే భర్త రంగనాయకులు ఒక కాగితం తెచ్చి, "ఇక్కడ నీ పేరు రాయి" అన్నాడు. చెయ్యి కడుక్కుని, చీర కొంగుకు తుడుచుకుని రాసింది. ఏం కాగితమో అడగలేదు.

అది 1964. రేపల్లె దాటి సముద్రం వైపు పోతే వచ్చే తుమ్మలరేవులో పంచాయతీ ఎన్నికలంటే పెద్ద హడావుడేం లేదు. రంగనాయకులు అన్న బసవేశ్వరరావు సర్పంచి కావాలని ఊరు ముందే ఒప్పుకుంది. కొత్త చట్టం ప్రకారం ఆడవాళ్ళకొక స్థానం ఉంచాలని గుమాస్తా చెప్పినప్పుడు ఆయన పెద్దగా ఆలోచించలేదు. "మా తమ్ముడి భార్య పేరు రాయి" అన్నాడు.

అందులో తెలివి ఉంది. ఆ ఇళ్ళల్లో తమ్ముడి భార్య బావగారి ఎదుట పడదు. ఆయన వీధి అరుగు మీద ఉంటే ఆమె దొడ్డిదారిన పోతుంది. ఆయన భోజనం చేసి లేచిందాకా వంటింటి గడప దాటదు. తప్పనిసరిగా ఏదన్నా చెప్పాల్సివస్తే తలుపు చాటున నిలబడి, పక్కనున్న పిల్లకు చెప్పినట్టు చెబుతుంది. పాతికేళ్ళ కాపురంలో మాణిక్యమ్మకు బావగారి దగ్గు గుర్తు, కిర్రు చెప్పుల చప్పుడు గుర్తు. మొహం నిండుగా చూసింది లేదు. ఆయన అధ్యక్షుడుగా కూర్చునే సమావేశంలో ఆమె కూర్చోవడం అనేది జరగని పని. ఆ పేరే ఎందుకు రాయించారో గుమాస్తాకు కూడా అర్థమైంది.

కాబట్టి సమావేశానికి ఆమె వెళ్ళలేదు. సమావేశమే ఆమె దగ్గరికి వచ్చేది. నెలకోసారి పంచాయతీ బంట్రోతు ఆదాము మినిట్సు పుస్తకాన్ని తువ్వాల్లో చుట్టి తెచ్చేవాడు. పెరటి గుమ్మం దగ్గర గడప మీద పుస్తకం తెరిచిపెట్టి, పక్కన కలం పెట్టి, నాలుగడుగులు వెనక్కి జరిగి నిలబడేవాడు.

"ఎక్కడ పెట్టాలి ఆదామూ?"

"గుమాస్తా గారు పెన్సిలుతో టిక్కు కొట్టారమ్మా. దాని పక్కన."

ఆమె రాసేది. గుండ్రటి, పొందికైన అక్షరాలు. పైన తీర్మానం ఉండేది, నల్ల సిరాతో, అరపేజీ, ఒక్కోసారి పేజీ. ఆమె దాన్ని చదివేది కాదు.

చదవడం రాక కాదు. తెనాలి దగ్గర సంగం జాగర్లమూడి ఆమె పుట్టిల్లు. తండ్రికి కళ్ళు మసకలు కమ్మాక, పన్నెండేళ్ళ మాణిక్యం రోజూ పొద్దున్నే ఆయన మంచం పక్కన పీట వేసుకుని పేపరు చదివి వినిపించేది. కాలవలకు నీళ్ళొదిలే తేదీలు, కోర్టు తీర్పులు, ఎక్కడో జరిగే యుద్ధాలు. తడబడితే ఆయన ఊరుకునేవాడు కాదు. "మళ్ళీ మొదటి నించి" అనేవాడు. పెళ్ళయ్యే నాటికి ఆమె ఎంత కష్టమైన వాక్యమైనా ఊపిరి తీసుకోకుండా చదివేది.

కానీ ఇది బావగారు పంపిన పుస్తకం. అక్కడే నిలబడి ఆదాము చూస్తుండగా చదివితే, ఆయన రాయించిన దాన్ని ఆమె నమ్మలేదని అర్థం. సాయంత్రానికి ఆ మాట ఆయన చెవిన పడుతుంది. ఇంత పరువైన ఇంట్లో అది కోడలు చెయ్యాల్సిన పనేనా? ఆమెకు ఎవరూ చదవొద్దని చెప్పలేదు. చెప్పాల్సిన అవసరం రాలేదు.

దానమ్మకు మాత్రం ఇది వింతగా ఉండేది. ఆమెది ఊరికి రెండు మైళ్ళ దిగువన, పెద్ద మురుగుకాలవకు అవతల, సముద్రపు పాయ ఒడ్డున ఉన్న పల్లెపాలెం. యాభై ఇళ్ళు. పడవలు, వలలు. మొగుడు సింగయ్య వేటకు పోతాడు. తెచ్చింది ఒడ్డున పడేశాక దానిమీద అతనికి మాట లేదు. ఏ చేప ఏ ఊరికి పోవాలో, ఎవరికి ఎంతకివ్వాలో దానమ్మే చెప్పాలి. గంప నెత్తిన పెట్టుకుని రేపల్లె దాకా నడిచి, రైలెక్కి తెనాలి మార్కెట్టుకి పోతుంది. టిక్కెట్ కలెక్టరు గంప వాసనని గొణిగితే, "నీ ఇంట్లో చేపల కూర వండరా సారూ, రోజూ గంజేనా?" అని పెట్టెలో వాళ్ళందరినీ నవ్విస్తుంది.

"పదవి నీది, నోరు మీ బావగారిదా అక్కా?" అనేది పండుగొప్ప పొలుసు గీకుతూ. "మా పాలెంలో అట్టా చేస్తే మొగుడు కూడా నవ్వుతాడు."

"మీ పాలెం వేరులేవే."

"వేరే. మాకు నోరుంది, కుర్చీ లేదు. నీకు కుర్చీ ఉంది. పోయి కూర్చోవు."

మాణిక్యమ్మను ఆ ఊళ్ళో అక్కా అని పిలిచే హక్కు దానమ్మకు ఎలా వచ్చిందో వాళ్ళిద్దరికే తెలుసు. మాణిక్యమ్మకు మొదటి రెండు కాన్పులూ ఆ ఇంట్లోనే జరిగాయి. రెండూ దక్కలేదు. రెండోసారి, 1949లో, బిడ్డ పోయిన మూడో రోజున పాలు గట్టిపడి, జ్వరం కాసి, ఆమె పెరటి కొట్టంలో పడుకుని ఏడుస్తుంటే దానమ్మ చేపలతో వచ్చింది. ఆమె చంకలో నెల పిల్ల. దానమ్మకు పాలు చాలక ఆ పిల్ల గుక్కపట్టి ఉంది. ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. గడ్డివాము వెనక, ఎవరి కంటా పడకుండా, తొమ్మిది రోజులు మాణిక్యమ్మ ఆ పిల్లకు పాలిచ్చింది. ఆ సంగతి అత్త రాజమ్మకు తెలిస్తే ఏమయ్యేదో ఇద్దరికీ తెలుసు. ఆ తర్వాత వాళ్ళెప్పుడూ దాని గురించి మాట్లాడుకోలేదు. పిల్ల పేరు కనకం. మాణిక్యమ్మ మూడో కాన్పుకి తండ్రి పట్టుబట్టి తెనాలి తీసుకెళ్ళి ఆసుపత్రిలో పురుడు పోయించాడు. ఆ బిడ్డ, లక్ష్మి, బతికింది.

అందుకే 1966లో ఊరికి ప్రసూతి కేంద్రం ఇస్తారన్నప్పుడు మాణిక్యమ్మ నిజంగా సంతోషించింది. ఒక నర్సు, రెండు మంచాలు, పెంకుటిల్లు. స్థలం పంచాయతీ చూపించాలి. ఆరోగ్య శాఖ నుంచి వచ్చిన ఒకావిడ ఊరంతా తిరిగి, మురుగుకాలవ అవతలున్న దిబ్బ బాగుంటుందని చెప్పి పోయింది. ఊళ్ళోవాళ్ళకు బండ్లున్నాయి, రేపల్లె రోడ్డుంది. పాలెం వాళ్ళకు వానాకాలంలో ఏదీ లేదు. కాలవ మీద వేసిన తాటిదూలాలు ప్రతి ఏడూ కార్తీకానికి కొట్టుకుపోతాయి. మళ్ళీ నీళ్ళు తీసిందాకా ఇవతలికి రావడం ఉండదు.

ఆ మాట విని దానమ్మ మర్నాడే వచ్చింది. ఆ రోజు గంప దించగానే బేరం మొదలుపెట్టలేదు.

"అక్కా, నిన్నెప్పుడూ ఏదీ అడగలా. ఇది అడుగుతున్నా. ఆ నర్సమ్మని దిబ్బ మీద పెట్టించు. పోయిన రెండేళ్ళలో మా పాలెంలో నలుగురు పోయారు, కాలవ దాటలేక. మా కనకానికి కూడా సంబంధం చూస్తున్నాం. పాలెంలోనే."

"పెట్టిస్తానే. ఇది కూడా చెయ్యలేకపోతే ఎందుకు ఈ మెంబరు?"

ఆ మాట అనేటప్పుడు ఆమెకు కొంచెం గర్వంగా కూడా అనిపించింది.

రాత్రి అన్నం పెడుతూ భర్తతో చెప్పింది. రంగనాయకులు చెడ్డవాడు కాదు. ఎవరినీ కసిరి ఎరగడు. అన్న మాటకు ఎదురు చెప్పీ ఎరగడు. "అన్నయ్యతో అంటాలే" అన్నాడు. రెండు రోజుల తర్వాత అడిగితే, "అన్నాను. చూద్దాం అన్నాడు" అన్నాడు. ఆమె దాన్ని సరే అన్నట్టుగానే తీసుకుంది.

తర్వాతి నెల ఆదాము పుస్తకం తెచ్చాడు. "ఇయ్యాల ఆసుపత్రి తీర్మానమమ్మా" అన్నాడు, తనే సంతోషంగా. మాణిక్యమ్మ కలం తీసుకుంది. తీర్మానం పేజీ నిండా ఉంది. ఆమె చూపు టిక్కు గుర్తు దగ్గరే ఆగింది. మామూలుకంటే శ్రద్ధగా, ఒక్కో అక్షరం గుండ్రంగా తిప్పుతూ సంతకం పెట్టింది. ఆదాముకు ఆ రోజు మజ్జిగ ఇప్పించింది.

నెల తిరక్కుండానే ఊరి ఉత్తరాన, రోడ్డు పక్క, బసవేశ్వరరావు కొబ్బరితోటలో పునాదులు తవ్వడం మొదలైంది. స్థలం ఆయనే దానంగా ఇచ్చాడు. శిలాఫలకం మీద ఆయన తల్లి రాజమ్మ పేరు. అక్కణ్ణించి దిబ్బకు మూడు మైళ్ళు, మధ్యలో కాలవ.

దానమ్మ వచ్చి గంప దించకుండా నిలబడింది. "కొబ్బరితోటలో కడతన్నారంటక్కా."

"కాదే. ఎవరో ఏదో అని ఉంటారు."

"చూసే వస్తున్నా."

ఆ రాత్రి మాణిక్యమ్మ మొట్టమొదటిసారి భర్తను నిలదీసింది. అతను కంచంలో చెయ్యి కడిగాడు. "అమ్మ పేరు పెడతానన్నాడు అన్నయ్య. కాదని ఎలా అంటాం? అయినా, తీర్మానం మీద నువ్వే సంతకం పెట్టావుగా," అన్నాడు. వెటకారంగా అనలేదు. జరిగింది జరిగినట్టు చెప్పాడు.

దానమ్మ తిట్టలేదు. కానీ వదల్లేదు. కేంద్రం ఎటూ పోయింది, కనీసం కాలవ మీద పక్కా వంతెన వెయ్యమని పోయి అడగమంది. "ఒక్కసారి పోయి కూర్చో అక్కా. నిన్ను ఎత్తి బయట పారేస్తారా? అరిస్తే అరవనీ. నేను తెనాలిలో రోజూ అరుపులు తింటా. ఏమయ్యా నేను?"

1967 శ్రావణంలో ఒక రోజు మాణిక్యమ్మ బయలుదేరింది. జరీ అంచు నేత చీర కట్టుకుంది. అడగాల్సింది మనసులో వల్లెవేసుకుంది. ఇంటి నుంచి పంచాయతీ ఆఫీసు రెండు వందల గజాలు. దారిలో ఇద్దరు ఆడవాళ్ళు "ఎక్కడికి వదినా?" అని అడిగితే "ఇక్కడికే" అంది. ఆఫీసు మెట్ల దాకా వెళ్ళింది. రెండో మెట్టు మీద బావగారి కిర్రు చెప్పులున్నాయి. పక్కపక్కన, మడమలు మెట్టు అంచుకు ఆనించి, ఆయన ఎప్పుడూ విడిచే పద్ధతిలోనే. లోపల ఆయన దగ్గు వినిపించింది.

ఆమె కాళ్ళు ఆగిపోయాయి. ఇన్నేళ్ళుగా ఆ చెప్పులు గుమ్మంలో కనపడితే వెనక్కి తిరగడమే ఆ కాళ్ళకు తెలుసు. తలుపు చాటు కోసం చూసింది. అక్కడ చాటు లేదు. వెనక్కి వచ్చేసింది. ఆదాము చూశాడు, చూడనట్టు ఊరుకున్నాడు.

మర్నాడు దానమ్మ అడిగితే, "ఒంట్లో బాగాలేదే. వచ్చే నెల పోతా" అంది. వచ్చే నెల పుస్తకం గడప మీదికి వచ్చింది. సంతకం పెట్టింది. ఆ తర్వాత నెల కూడా.

పాలెంలోనే పెళ్ళి చేశాక, 1968లో కనకానికి కడుపు పండింది. నెలలు నిండేటప్పటికి కార్తీకం. నాలుగు రోజులు ఎడతెగని వాన. తాటిదూలాలు రెండో రోజే పోయాయి. నొప్పులు మూడో రోజు తెల్లారేటప్పుడు మొదలయ్యాయి. పాలెంలో కాన్పులు చేసే అంకమ్మ సాయంత్రం దాకా చూసి, బిడ్డ అడ్డం తిరిగిందని, తన వల్ల కాదని చెప్పింది. సింగయ్య, మరో ముగ్గురు కలిసి కనకాన్ని పడవలో పడుకోబెట్టి, ఉరవడిలో కాలవ దాటించడానికి మూడుసార్లు చూశారు. రెండుసార్లు పడవ తిరగబడబోయింది. మూడోసారి అవతల ఒడ్డు దొరికింది. మంచం మీద మోసుకుంటూ రేపల్లె రోడ్డెక్కి, కొబ్బరితోటలో కేంద్రం తలుపు తట్టారు. నర్సమ్మ వెంటనే లేచి వచ్చింది. లాంతరు పైకెత్తి చూసి, మణికట్టు పట్టుకుని, కాసేపు ఉండి దించేసింది. "గంట ముందు వచ్చినా..." అని ఆపేసింది. తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కలేదు.

ఆ మాట మాణిక్యమ్మకు పాలు పోసే మనిషి చెప్పింది. ఆమె చేతిలో గిన్నె ఉంది. దాన్ని జాగ్రత్తగా దించి, పొంగకుండా మూత పెట్టి, కొట్టంలోకి వెళ్ళింది. ఎంతసేపు ఉందో ఎవరికీ తెలియదు. పాలెం వెళ్ళడానికి దారి లేదు. నీళ్ళు తీశాక వెళ్ళడానికి మొహం లేదు.

పన్నెండో రోజు దాటాక దానమ్మే వచ్చింది. గంప లేదు. గంప లేకుండా ఆమె ఆ పెరట్లోకి రావడం అదే మొదలు. చేతులు ఏం చెయ్యాలో తెలియనట్టు రెండూ వేలాడేసుకుని గడప అవతల నిలబడింది.

"కూర్చోవే."

"కూర్చోను. ఒక్కటి అడిగి పోతా. నిజం చెప్పు."

"అడుగు."

"ఆ కాయితం చదివి చేశావా సంతకం, చదవకుండా చేశావా?"

 మాణిక్యమ్మ అబద్ధం చెప్పొచ్చు. బావగారు బలవంతం చేశారనొచ్చు. ఎదురుగా ఉన్నది ఎవరైనా ఇంకొకరైతే చెప్పేదేమో.

"చదవలా," అంది.

దానమ్మ తలూపింది, అనుకున్నదే విన్నట్టు. "చదివి చేసుంటే తిట్టిపోదామనుకున్నా. నాలుగు రోజులనించీ మాటలు పోగేసుకున్నా. పెద్దింటోళ్ళు కదా, వాళ్ళ తోట వాళ్ళ పేరు చూసుకున్నారు అనుకుందును. నీకు చదువుంది. కళ్ళున్నాయి. ఆ పుస్తకం నీ గడప మీదే ఉంది. ఒక్కసారి కిందకి చూస్తే అయిపోను." చెంగు భుజానికి చుట్టుకుంది. "నీ పాలు తాగిందక్కా అది."

ఇన్నేళ్ళలో ఆ మాట బయటికి రావడం అదే మొదటిసారి. దానమ్మ దాన్ని గట్టిగా అనలేదు. అని, వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. మాణిక్యమ్మ పిలవలేదు. ఏమని పిలవాలో తెలియలేదు.

ఆ నెల సమావేశం డిసెంబరు మొదటి వారంలో జరిగింది. మాణిక్యమ్మ నేత చీర కట్టుకోలేదు. ఇంట్లో కట్టిన చీరతోనే వెళ్ళింది. రెండో మెట్టు మీద చెప్పులు ఉన్నాయి. వాటి పక్కన తన చెప్పులు విడిచి లోపలికి వెళ్ళింది.

లోపల ఏడుగురు మెంబర్లు, గుమాస్తా, బల్లకు తలవైపు బావగారు. ఆయన ఎదురుగా ఒక కుర్చీ ఖాళీగా ఉంది. ఆమె పోయి అందులో కూర్చుంది.  గుమాస్తా కలం మూత పెట్టాడు, తీశాడు, మళ్ళీ పెట్టాడు. ఇన్నేళ్ళ కాపురంలో మొదటిసారి ఆమె బావగారి మొహం నిండుగా చూసింది. ముసలాయన. కుడి కంటి కింద పుట్టుమచ్చ ఉంది. అది ఆమెకు ఇంతవరకూ తెలియదు.

"ఆదామూ, అరవై ఆరు నాటి పుస్తకం తే," అంది.

ఆదాము ఎవరి వంకా చూడకుండా బీరువా తీసి తెచ్చి, ఆమె ముందు పెట్టాడు. ఆమె పేజీలు తిప్పి, ఆ తీర్మానం దగ్గర ఆగి, పైకి చదవడం మొదలుపెట్టింది. తండ్రికి చదివిన గొంతు అది. ఎక్కడా తడబడలేదు. దిబ్బ మీద స్థలం నివాసయోగ్యం కాదని, సర్పంచి గారు ఉదారంగా ఇచ్చిన తోటలో కట్టాలని, సభ్యులందరూ హాజరై, చర్చించి, ఏకగ్రీవంగా ఆమోదించారని ఉంది. కింద హాజరైనవాళ్ళ పేర్లు. ఆమె పేరు ఆరోది.

"నేను రాలేదండి ఆ రోజు," అంది. "ఏ రోజూ రాలేదు. చర్చించలేదు. ఈ సంతకం మాత్రం నాదే. చదవకుండా పెట్టాను. ఆ తప్పు నాది. నర్సమ్మని దిబ్బ మీదికి మార్చమని ఇవాళ తీర్మానం రాయండి. చదివి సంతకం పెడతాను."

బసవేశ్వరరావు లేచాడు. ఆయన ఆమెతో మాట్లాడలేడు. ఆ నియమం ఆయన్ని కూడా కట్టేసింది. గుమాస్తా వైపు తిరిగి, "ఇంటి ఆడవాళ్ళు ఎదుట కూర్చున్నచోట మనకేం పనయ్యా. పద," అన్నాడు.  ఆ మాటలో ఉన్నది కోపమో, సిగ్గో చెప్పడం కష్టం. ఒకరి వెనక ఒకరు మెంబర్లు బయటికి నడిచారు. ఒకాయన మాత్రం గుమ్మం దగ్గర ఆగి, "అమ్మాయ్, నువ్వన్నది నిజమే. కానీ ఇట్టాగా చెప్పేది?" అని వెళ్ళిపోయాడు.

గదిలో మాణిక్యమ్మ, ఆదాము మిగిలారు. ఆదాము బెంచీలు సర్దుతూ, "చీకటి పడతందమ్మా," అన్నాడు.

ఆ రోజు పుస్తకంలో ఒక్క వాక్యమే ఉంది. కోరం లేనందున సమావేశం వాయిదా వేయబడింది. హాజరు పట్టీలో మాణిక్యమ్మ పేరు లేదు. నాలుగేళ్ళలో ఆమె వెళ్ళని సమావేశాలన్నింట్లో ఆమె హాజరైనట్టు ఉంది. నిజంగా వెళ్ళిన ఒక్క రోజున లేదు.

ఆ తర్వాత పుస్తకం గడప మీదికి రాలేదు. ఆమె లేకుండానే కోరం సరిపోయింది. బావగారు తమ్ముడి ఇంటికి రావడం మానేశారు. రంగనాయకులు ఆమెను ఒక్క మాటా అనలేదు. రోజూ సాయంత్రం అన్న ఇంటి అరుగు దాకా పోయి, అవతలే నిలబడి వచ్చేవాడు. 1970 ఎన్నికల్లో ఆడవాళ్ళ స్థానానికి బసవేశ్వరరావు చిన్న కోడలి పేరు రాశారు. ఏకగ్రీవం. కేంద్రం కొబ్బరితోటలోనే ఉంది. ఊళ్ళోవాళ్ళ పురుళ్ళు అక్కడ బాగానే జరిగాయి. కాలవ మీద వంతెన పడలేదు.

దానమ్మ, సింగయ్య కనకం పోయిన నెలకే పాలెం వదిలి, బాపట్ల దగ్గర సముద్రం ఒడ్డున ఉన్న దానమ్మ అన్న దగ్గరికి వెళ్ళిపోయారని ఆదాము చెప్పాడు.

రంగనాయకులు 1973లో పోయాడు. లక్ష్మి భర్తకు బాపట్ల వ్యవసాయ కళాశాలలో ఉద్యోగం. మాణిక్యమ్మ కూతురు దగ్గరికి చేరింది. అక్కడ ఆమెకొక అలవాటు ఉండేది. ఇంట్లోకి ఏ కాగితం వచ్చినా, కరెంటు బిల్లయినా, పొట్లం కట్టిన పేపరు ముక్కయినా, మొదటి అక్షరం నుంచి చివరి దాకా చదవందే కింద పెట్టేది కాదు. "అమ్మకి చాదస్తం ముదిరింది" అని లక్ష్మి నవ్వేది.

దానమ్మ కోసం వెతికే ధైర్యం కూడగట్టుకోడానికి ఆమెకు నాలుగు నెలలు పట్టింది. ఒక ఆదివారం చేపల మార్కెట్టుకి వెళ్ళింది. మూడో వరసలో కనిపించింది. జుట్టు తెల్లబడింది. గొంతు మారలేదు. ఎవరినో మందలిస్తోంది: "పట్టుకు చూడయ్యా, పెళ్ళికూతుర్ని చూసినట్టు అట్టా చూస్తే ఏం తెలుస్తది?" చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. మాణిక్యమ్మ వెళ్ళి ఎదురుగా నిలబడింది. దానమ్మ తలెత్తి చూసింది. గుర్తుపట్టింది. కత్తి పట్టిన చెయ్యి ఒక్క క్షణం ఆగింది.

"ఏం కావాలమ్మగారూ?"

 "నేను వెళ్ళానే," అంది మాణిక్యమ్మ. "కూర్చున్నా. ఆయన ఎదురుగానే. చదివా, అందరూ వినేటట్టు."

"విన్నానమ్మగారూ. ఆదాము చెప్పాడు సింగయ్యకి, వలలు తేడానికి పాలెం పోయినప్పుడు." దానమ్మ బల్ల మీద నీళ్ళు చల్లి, అరచేత్తో తుడిచింది. "ఎంతసేపు పట్టింది?"

"ఏంటి?"

"లోపలికి పోయి కూర్చోడానికి."

మాణిక్యమ్మ ఆలోచించింది. మెట్లు, గుమ్మం, నాలుగు అడుగులు, కుర్చీ.

"ఎంతోసేపు పట్టలేదు," అంది.

 దానమ్మ గంపలోంచి ఒక పండుగొప్పను ఏరింది. మాణిక్యమ్మ ఇంట్లో ఎప్పుడూ అదే తినేవాళ్ళు. అడగకుండానే తీసింది. బల్ల మీద వేసి పొలుసు గీకడం మొదలుపెట్టింది. పొలుసులు ఎగిరి మాణిక్యమ్మ చీర అంచు మీద పడ్డాయి. ఆమె జరగలేదు. వెనక ఇంకో ఇద్దరు కొనడానికి వచ్చి నిలబడ్డారు.

"తలకాయ ఉంచనా అమ్మగారూ, తీసెయ్యనా?"

"నీ ఇష్టమే."

దానమ్మ కత్తి ఆపి, మొదటిసారి ఆమె కళ్ళలోకి తిన్నగా చూసింది. ఆ చూపులో కోపం లేదు, అదే భరించరానిదిగా ఉంది.

"నా ఇష్టమేంటమ్మగారూ. మీరు చెప్పాలి."

"ఉంచు," అంది మాణిక్యమ్మ.